పాలిమర్ బ్రష్ మీద బంగారు రేణువులు

బంగారం పసుపు అన్న మాట చేతికి చిక్కేంత ముక్క విషయంలోనే నిజం. దాన్ని పది పదిహేను నానోమీటర్ల రేణువులుగా నీటిలో నిలిపితే ఆ నీరు కెంపురంగుకు తిరుగుతుంది. మైకేల్ ఫారడే 1857లోనే లండన్‌లో ఈ ఎర్రని ద్రావణాల గురించి ప్రకటించాడు. కాంతి తాకగానే రేణువులోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఒక్కుమ్మడిగా ఊగుతూ 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతిని మింగేస్తాయి. ఎరుపు మిగులుతుంది. నాకు అన్నిటికన్నా అపురూపంగా తోచేది దీని తర్వాతి సంగతి. రెండు రేణువులు బాగా దగ్గరైతే ఒకదాని ఊపు రెండోదాన్ని కదిలిస్తుంది. అప్పుడవి మింగే కాంతి మారి, ద్రావణం నీలి ఛాయలోకి వెళ్తుంది. రేణువుల మధ్య ఎంత ఎడం ఉందో రంగే చెబుతుందన్నమాట. మరి ఆ ఎడాన్ని మన అదుపులో పెట్టుకునేదెలా?

అందుకు పాలిమర్ పొర అక్కరకొస్తుంది. గాజు మీదో సిలికాన్ మీదో పాలిమర్ గొలుసులను ఒక కొసతో మాత్రమే అంటుకునేలా నాటుతారు. పలచగా నాటితే ఒక్కో గొలుసు ముద్దలా ముడుచుకుపోతుంది. ఒత్తుగా నాటితే, నారుమడిలో చిక్కగా మొలిచిన మొలకల్లా, పక్కకు వాలే చోటులేక పైకి సాగుతాయి. ఇదే పాలిమర్ బ్రష్. ముందే తయారైన గొలుసులను తెచ్చి అంటిస్తే మొదట అతుక్కున్నవి వెనకొచ్చేవాటికి అడ్డుపడతాయి. కాబట్టి ఒత్తైన బ్రష్ కావాలంటే గొలుసును ఉపరితలం మీదే మొదలుపెట్టి పెంచడం మేలు. 1995లో వెలుగులోకి వచ్చిన ఏటీఆర్‌పీ (ఆటమ్ ట్రాన్స్‌ఫర్ రాడికల్ పాలిమరైజేషన్) అనే పద్ధతి ఆ పనిని ఎంతో సులువు చేసింది.

2004లో అమెరికాలోని క్లార్క్‌సన్ విశ్వవిద్యాలయంలో సెర్గీ మింకో, జానోస్ ఫెండ్లర్‌ల బృందం ఈ రెండింటినీ జతచేసింది. గాజు పలక మీద బంగారపు నానో దీవులు, ఆ పైన పాలీవైనైల్‌పిరిడిన్ బ్రష్, దాని మీద బంగారు రేణువులు. పీహెచ్ 5 దగ్గర బ్రష్ ముడుచుకుని దాదాపు 8 నానోమీటర్ల మందాన ఉంది. పీహెచ్ 2కు దించితే గొలుసులు ప్రోటాన్లను అందుకుని ధనావేశం పొందాయి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీరు పీల్చి ఉబ్బాయి. మందం సుమారు 24 నానోమీటర్లకు పెరిగింది. పైనున్న రేణువులు కింది దీవులకు దూరమయ్యాయి, పలక మింగే కాంతి కూడా మారింది. ఆమ్లత్వంలోని తేడాను ఆ విధంగా కాంతితోనే చదవగలిగారు.

బంగారాన్ని ఎంత ఎక్కిస్తే అంత మంచిదా? కాదు. చిన్న రేణువులు గొలుసుల సందుల్లోకి దిగిపోతాయి, పెద్దవి పైనే ఆగిపోతాయి. లోపలికి దిగిన ఒక్కో రేణువు చుట్టూ ఉన్న గొలుసులను కలిపి ముడివేయగలదు. ముడులు పెరిగేకొద్దీ పొర బిగుసుకుంటుంది, ఉబ్బే గుణం తగ్గుతుంది. బంగారం తక్కువైతే కాంతి సంకేతం బలహీనపడుతుంది. అందుకే రేణువు పరిమాణాన్ని, గొలుసుల ఒత్తును రెండింటినీ కలిపే నిర్ణయించుకోవాలి.