బాల్యపు గెలుపు, వృత్తిలోని నిలకడ

హైదరాబాదునకు తూర్పున, విజయవాడకు పోవు రహదారిమీద నున్న అబ్దుల్లాపూర్‌మెట్ ప్రాంతమున పొలములు ఇండ్లస్థలములుగా మారుచున్నవి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ గృహస్థులు తమ బిడ్డలకు చదువుతోపాటు ఆటయు నేర్పింప నుత్సహించుచున్నారు. ఇది సంతోషింపదగినదే. కాని టెన్నిసు నేర్పించు తల్లిదండ్రులు మొదటనే యెరుగవలసిన విషయ మొకటి కలదు. బాలల పోటీలలో గెలుచుట యొకటి. ఆ యాటనే వృత్తిగా గైకొని నిలుచుట వేరొకటి. ఈ రెంటి నడుమ నున్న యేటిని దాటలేక వెనుదిరిగినవారే యెక్కువ.

కారణము స్పష్టము. బాలల పోటీలలో సంపాదించిన అంకములు వృత్తి క్రీడాకారుల పట్టికలో లెక్కకు రావు. అచ్చట మొదటి మెట్టునుండి మరల ఎక్కవలసినదే. ఆ మెట్టున జరుగు పోటీలలో మొత్తము బహుమాన ద్రవ్యము 15,000 డాలర్లు. విజేతకు దక్కునది అందు సుమారు ఏడవ వంతు. మొదటి యాటలోనే ఓడినవానికి దారిఖర్చులైనను రావు. గురువు జీతము, ప్రయాణము, బస, అన్నియు సొంత వ్యయమే. నిన్నటివరకు తోటి బాలురతో నాడినవాడు నేడు పదేండ్ల అనుభవము గల వారి నెదుర్కొనవలెను. లేత వయస్సున ఈ పరుగు తెచ్చు హానిని గ్రహించియే మహిళల టెన్నిసు సంఘము 1995 నుండి, 18 ఏండ్లు నిండని బాలికలు ఆడదగిన పోటీల సంఖ్యకు పరిమితి విధించినది.

ఈ యేటిని దాటిన మన హైదరాబాదు బాలిక సానియా మీర్జా. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్సులో రష్యా బాలిక అలీసా క్లేబనోవాతో గూడి ఆమె గెలుపొందెను. ఆ యేడే వృత్తిరంగమున అడుగిడెను. పత్రికలు పొగడినవి, కాని పొగడ్త పట్టికలో అంకము కాదు. చిన్న పోటీలలో ఊరూర తిరిగి ఆడి, ఆ శ్రేణిలో మొత్తము 14 సింగిల్స్ బిరుదులు గడించెను. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌వారు ప్రత్యేకముగా నొసగిన ప్రవేశముతో మూడవ రౌండు చేరి, సెరీనా విలియమ్స్ చేతిలో ఓడెను. మరుసటి నెలలోనే స్వస్థలమున జరిగిన హైదరాబాదు ఓపెన్‌ను గెలిచి, ఆ స్థాయి సింగిల్స్ బిరుదు నందిన తొలి భారతీయ మహిళ యయ్యెను. 2007లో సింగిల్స్‌లో 27వ స్థానము, 2015లో డబుల్స్‌లో ప్రథమ స్థానము ఆమెకు లభించినవి. మణికట్టు, మోకాళ్ల గాయములకు శస్త్రచికిత్సలు పొందియు 2023 వరకు ఆడినది.

వేరొక దారియు కలదు. కృష్ణా తీరపు వుయ్యూరున జన్మించిన సాకేత్ మైనేని అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయమున చదువుచు ఆడి, పిదప వృత్తిని గైకొనెను. 2014లో ఇంచియాన్ ఏషియా క్రీడలలో సానియాతో గూడి మిశ్రమ డబుల్స్ స్వర్ణము గెలిచెను. 2016లో అర్హత పోటీలు నెగ్గి యూ.ఎస్. ఓపెన్ ప్రధాన పోటీలో ప్రవేశించెను. ఆట కలిసిరాకున్నను చేతిలో పట్టా యుండు ఈ దారి, మధ్యతరగతి తండ్రికి కొంత ధైర్యము నొసగునది. చదువు మాన్పించి బాలుని భవిష్యత్తు నంతయు ఒక్క రాకెట్టుకు కట్టుట సాహసము కాదు. అది జూదమని మేము తలంతుము.

అయినను భారమంతయు తండ్రిపై మోపుట న్యాయమా? సానియాకు స్వదేశమున పెద్ద పోటీ దొరకినది గనుకనే ఆమె యెదుగుదల వేగము పుంజుకొనెను. 2003 మొదలు 2005 వరకు హైదరాబాదున సాగిన ఆ పోటీ పిదప బెంగుళూరునకు తరలిపోయెను. మన యూరి బిడ్డ గెలిచిన యేటి తరువాతనే మన యూరి పోటీ పోవుట విచారకరము. మన నగరములలో ఏటేట చిన్న అంతర్జాతీయ పోటీలు వరుసగా జరిగినచో, మన బాలురు విమానవ్యయము లేకయే అంకములు సంపాదింపగలరు.

భూస్వాములకును ఒక మనవి. చుట్టును వదలవలసిన ఖాళీతో గూడ ఒక టెన్నిసు కోర్టుకు 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు చాలును. అనగా 800 చదరపు గజములు. ఆరున్నర గుంటలకు కొంచెము మించును. ఎకరమున ఆరు కోర్టులు పట్టును. ఎకరములకొలది భూమిని గజములుగా విక్రయించువారు ఊరికి ఒక్క కోర్టునకైన చోటు విడువలేరా? ఇంటి వరుసలు ఎక్కడనైన లేచును. పసివారి కాలు ఆడుటకు నేల మాత్రము ఒకసారి పోయిన మరల రాదు. ఆ నేలను నేడే కాపాడుట మన విధి.