నది దాటిన నగరం

టాటానగర్ రైల్వే స్టేషను పేరు. ఊరి పేరు జంషెడ్‌పూర్. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి చేరువలో, సాక్చి అనే పల్లె పరిసరాల్లో, 1907లో స్థాపితమైన టాటా ఉక్కు కంపెనీ తన కర్మాగారాన్ని నిర్మించింది. 1919లో వైస్రాయి చేమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టగా, కాలీమాటి స్టేషను టాటానగర్ అయింది.

కార్మికుల పట్టణంలో వీధులు విశాలంగా ఉండాలనీ, వాటి వెంట నీడనిచ్చే చెట్లు నాటాలనీ జంషెడ్‌జీ 1902లోనే కుమారుడు దొరాబ్జీకి రాశాడు. పిట్స్‌బర్గుకు చెందిన జూలియన్ కెనెడీ తొలి నమూనాలో వీధులు చదరంగపు గళ్ళవలె ఒకదానినొకటి ఖండించుకున్నాయి. 1920 ప్రాంతంలో ఇంజనీరు ఎఫ్. సి. టెంపుల్ నేల ఎత్తుపల్లాలను అనుసరించి బాటలు వేశాడు. 1940లలో ఆటో కోనిగ్స్‌బర్గర్ బడి, బజారు నడకదూరంలో ఉండే పేటలను ప్రతిపాదించాడు.

అయితే ఈ ప్రణాళికలన్నీ కంపెనీ భూమికే పరిమితం. జనం మాత్రం ఆ హద్దు వద్ద ఆగలేదు. సువర్ణరేఖకు ఆవల మాంగో, ఖర్కాయికి ఆవల ఆదిత్యపూర్ పెరిగాయి. 2011 జనాభా లెక్కల నాటికి ఒక్క మాంగోలోనే రెండు లక్షల మందికి పైగా ఉన్నారు. వారు జంషెడ్‌పూర్ చేరాలంటే వంతెనలే శరణ్యం. పైగా ఆదిత్యపూర్ మరో జిల్లాలో ఉంది. దాని పురపాలన వేరు.

ముందుగా గీసిన వీధి లేనిచోట భూమి ముక్కలుగా అమ్ముడవుతుంది. అమ్మినవాడు వదిలినంత మేరే సందు. తరువాతి ఇంటి గోడతో అదీ ముగిసిపోవచ్చు. నాలుగు దారులు కలిసే కూడలిలో ఒకటి మూసుకున్నా మూడు మిగులుతాయి. మొండిసందుకు రెండో దారి లేదు. పక్క వీధిలోని బడికి కూడా చుట్టు తిరిగి వెళ్ళవలసిందే. అంబులెన్సుకూ అదే గతి.

ఇది ఒక్క ఊరి సమస్య కాదు. బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ అనే పరిశోధకులు 2020లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 1975 నుండి ప్రపంచంలో కొత్తగా వెలసిన వీధులు మొత్తం మీద ఒకదానితో ఒకటి కలవడం తగ్గుతూ వచ్చింది. అమెరికాలో మాత్రం ఈ ధోరణి 1990లలో పరాకాష్ఠకు చేరి, తరువాత వెనుకకు మళ్ళింది.

ఇల్లు కూల్చి మళ్ళీ కట్టవచ్చు. వీధిని మార్చాలంటే వందల ఇళ్ళను కదపాలి. సాక్చిలో శతాబ్దం క్రితం వేసిన బాటల మీదే నేటికీ జనం నడుస్తున్నారు. మొదటి ఇంటికి పునాది పడకముందే వీధికి గీత పడాలి. కంపెనీ తన నేల మీద చేసిన ఆ పనిని నదికి ఆవల చేయవలసిన బాధ్యత పురపాలక సంఘాలదీ, ప్రభుత్వానిదీ.