జాన్ అను పేరు: పుట్టుపూర్వోత్తరములు

క్రిందటి యేడాది ఎనిమిదవ తరగతిలో సమాసములు బోధించుచు, ఉదాహరణములకై పిల్లల పేర్లనే గ్రహించితిని. మునిరత్నము అనగా మునులలో రత్నము వంటివాడు. వేంకటేశుడు అనగా వేంకటాచలమునకు ఈశుడు. గిరిజ, రాజేశ్వరి, నాగభూషణము - ఇట్లు ఒక్కొక్కరు తమ పేర్లకు విగ్రహవాక్యము చెప్పించుకొని సంతోషముతో కూర్చుండుచుండిరి. మూడవ వరుసలోని యొక బాలుడు లేచి, "అయ్యవారూ, నా పేరుకేమి అర్థం?" అని అడిగెను. అతని పేరు జాన్. నేను నోరు తెరవకముందే వెనుక బల్లనుండి ఒకడు, "అది దొరల పేరు లేరా! దానికి అర్థముండదు" అనెను. తరగతియంతయు ఘొల్లుమనెను. బాలుడు మాటాడక కూర్చుండెను. నిజము చెప్పవలెనన్న, నాకును ఆ క్షణమున సమాధానము తోచలేదు. "రేపు చెప్పెదను" అని గంట కొట్టువరకు కాలము గడిపితిని. ఆ రేపటి పాఠమునే కొంత పెంచి యిట వ్రాయుచున్నాను. ఈ పేరు గల బిడ్డలు మన కోలారు ప్రాంతమున పెక్కుమంది గలరు.

దొరల పేరు అను మాట మన గనుల ఊరిలో పుట్టుటకు కారణము లేకపోలేదు. 1799లో టిప్పు సుల్తాను పతనమైన పిమ్మట, మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దును కొలుచుటకు వచ్చి, 1802లో ఈ ప్రాంతపు మంటిలో బంగారము గలదని విని విచారించిన సైనికోద్యోగి పేరు జాన్ వారెన్. ఊరిగాము గ్రామస్థులు బండ్లతో మన్ను తెచ్చి అతని యెదుట కడిగి బంగారు రేణువులు చూపిరని చెప్పుదురు. అటుపిమ్మట 1880లో గనుల నిర్వహణము చేపట్టిన కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనము చేసికొనినంతవరకు మారికుప్పము, ఛాంపియన్ రీఫ్, ఊరిగాము, నందిదుర్గము గనులలో ఆ పేరు తెలియనివాడు లేడు. 2001లో గనులు మూతపడినవి; పేరుమాత్రము ముసలివారి నాలుకలపై నిలిచియున్నది. ఇట్లు జాన్ అను శబ్దము మనవారికి యజమానితో కూడి పరిచయమైనది. యజమానికి గల పేరు యజమాని సొత్తే అయి తీరవలెనా? ఆ పేరు ఇంగ్లండునకు సైతము పరదేశమునుండి వచ్చినదే.

దాని పుట్టినిల్లు హీబ్రూ భాష. మూలరూపము యోహానాన్. ఇందు రెండు భాగములు గలవు. మొదటిది "యో". ఇది తెలుగు బైబిలులో యెహోవా అని వ్రాయబడు దైవనామమునకు సంక్షేపరూపము. రెండవది "హానాన్", అనగా కృప చూపెను. రెండును కలిసి "దేవుడు కృప చూపెను" అని యర్థము. మన పేర్లలో పెక్కులు సమాసములు. ఈ పేరు కర్తయు క్రియయు గల చిన్న వాక్యము. మునిరత్నమునకు విగ్రహవాక్యము మనము కల్పించి చెప్పవలెను. జాన్ అను పేరో, తానే యొక వాక్యము.

ఈ రెండు భాగములనే తారుమారు చేసినచో హనన్యా అను పేరు వచ్చును. బైబిలులో దానియేలు చెలికాండ్రలో నొకనికి ఆ పేరు గలదు. ఈశ్వరప్రసాదు, ప్రసాదేశ్వరుడు అన్నట్లు. దైవనామమును విడిచి కృప యను ధాతువును మాత్రము నిలిపిన హన్నా యగును; అన్నా, ఆన్, నాన్సీ అను స్త్రీల పేర్లు దానినుండి పుట్టినవే. మన యిరుగుపొరుగు తమిళులలో కాథలిక మతస్థులు ఈ పేరును అర్థము చెడకుండ అరుళప్పన్ అని తమ భాషలోనికి మార్చుకొనిరి. అరుళ్ అనగా కృప. 1693లో రామనాథపురపు సీమలోని ఓరియూరున వధింపబడిన పోర్చుగీసు గురువు జాన్ ది బ్రిట్టోను తమిళులు అరుళానందర్ అని పిలుతురు. తెలుగువారు అర్థమును మార్చలేదు, ధ్వనిని మార్చుకొనిరి: యోహాను. దావీదు, పేతురు, పౌలు, మార్కు, యోహాను - అన్నిటి చివరను అచ్చు చేరినది చూడుడు. తెలుగు అజంత భాష. హల్లుతో ముగియు మాట దాని చెవికి గిట్టదు. జాన్ అని పట్టికలో వ్రాసిన బిడ్డను తల్లి వీథిలో కేక వేయునపుడు "జానూ" అనియే పిలుచును. ఆమె వ్యాకరణము చదువలేదు. వ్యాకరణమే ఆమె నోటినుండి పుట్టినది.

ఇక యోహానాన్ జాన్ అగుట యెట్లు? హీబ్రూనుండి గ్రీకునకు పోయి యోఆన్నేస్ ఆయెను. గ్రీకునుండి లాటినునకు వచ్చి యోహన్నెస్ ఆయెను. అచటినుండి ప్రాచీన ఫ్రెంచిలో జెహాన్ అనియు, జాన్ అనియు మారెను. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప వారి వెంట ఆ దేశమున బాగుగ వ్యాపించెను. మొదటి యకారము జకారమైనదేమని మీరు ఆశ్చర్యపడనక్కరలేదు. మన భాషలోనే యజ్ఞము జన్నమైనది, యాత్ర జాతరయైనది, యోగి జోగియైనాడు, యముడు జముడైనాడు. కోలారమ్మ జాతరకు పోవువాడు పెదవులపై మోసికొని పోవుచున్న జకారము ఒకప్పుడు యకారమే గదా! అదే మార్పు అచటను జరిగినది. ఆంగ్లమున ఈ పేరు వ్రాయునపుడు నడుమ నొక "హెచ్" అక్షరము వచ్చును, దానిని పలుకరు. అది లాటిను యోహన్నెస్ నందలి హకారపు గుర్తు. ఇల్లు పడిపోయినను గుమ్మము నిలిచియున్నట్లు అది నిలిచినది.

ఈ పేరు క్రైస్తవ లోకమున ఇంత ప్రసిద్ధి చెందుటకు ఇద్దరు కారకులు. ఒకరు బాప్తిస్మమిచ్చు యోహాను. మరియొకరు శిష్యుడగు యోహాను, నాలుగవ సువార్త ఎవరి పేర వెలసినదో ఆయన. వీరిలో మొదటివానికి పేరు పెట్టిన కథ లూకా సువార్త మొదటి యధ్యాయమున నున్నది. ముసలితనమున పుట్టిన కుమారునకు బంధువులందరును తండ్రి పేరగు జెకర్యా యనియే పెట్టదలచిరి. తల్లి ఎలీసబెతు అంగీకరింపక యోహాను అనెను. మీ వంశమున ఈ పేరు గలవాడు లేడే యని బంధువులు తండ్రిని అడిగిరి. అతనికప్పుడు మాట పడిపోయియుండెను. పలక తెప్పించుకొని, బిడ్డ పేరు యోహాను అని వ్రాసి చూపెను. లేకలేక కలిగిన బిడ్డకు కృప అను అర్థము గల పేరు తగునుగదా! తాత పేరు పెట్టవలెనని మన యిండ్లలో పురిటి దినములలో జరుగు వాదములు రెండువేల యేండ్లకు పూర్వమును ఉండెనన్నమాట. ముస్లిముల ఖురానులో ఈ మహాత్ముని పేరు యహ్యా. మన జిల్లాలో ఆ పేరు గల వారును కానవత్తురు.

ఇంగ్లండున ఈ పేరు ఎంత సామాన్యమైనదనగా, పేరు తెలియనివానికి జాన్ డో అని న్యాయస్థానములలో పేరు పెట్టిరి. ఆంగ్లజాతికంతకును జాన్ బుల్ అని ముద్దుపేరు. ఈస్టిండియా కంపెనీకి సైతము జాన్ కంపెనీ అను వాడుక పేరు గలదు. అయినను రాజులలో మాత్రము ఆ పేరు గలవాడు ఒక్కడే. 1215లో మాగ్నాకార్టా అను హక్కుల పత్రమునకు ముద్ర వేయవలసి వచ్చినవాడు. జాక్ అనునది దీని ముద్దుపేరు. జాన్సన్, జాక్సన్, జోన్స్ అను ఇంటిపేర్లు "జాన్ కొడుకు" అను నర్థమున ఏర్పడినవి. మన రాబర్ట్‌సన్ పేటలోని పేరును ఇట్టిదే. రాబర్టు కొడుకు రాబర్ట్‌సన్. రాబర్టు అనగా కీర్తిచే ప్రకాశించువాడని ప్రాచీన జర్మానిక అర్థము. ప్రతిదినము బజారునకు పోవుచు మనమీ మాటను ఎన్నిమారులు పలికితిమో!

ఒకే పేరు దేశమునకొక వేషము ధరించును. ఫ్రెంచివారికి ఝాఁ, స్పెయినువారికి హువాన్, ఇటలీవారికి జొవాన్ని, రష్యనులకు ఇవాన్, జర్మనులకు యోహాన్ లేక హాన్స్, ఐర్లండువారికి షాన్. స్త్రీలలో జోన్, జేన్, జానెట్. దీనికి దృష్టాంతమును వెదకుటకు దూరము పోనక్కరలేదు. మన బంగారపు వార్తను నమోదు చేసిన జాన్ వారెన్ పుట్టుకచే జాన్ కాడు! అతడు ఐర్లండు మూలము గల ఫ్రెంచి కుటుంబమువాడు. 1769లో ఇటలీ దేశపు లివోర్నో నగరమున జన్మించెను. అతని అసలు పేరు ఝాఁ బాప్తీస్త్ ఫ్రాన్స్వా జోజెఫ్ ద వారెన్. ఝాఁ బాప్తీస్త్ అనగా బాప్తిస్మమిచ్చు యోహాను. ఆంగ్లేయుల కొలువున జాన్ ఆయెను. ఇతడు బంగారముతో ఆగినవాడు కాడు. మద్రాసు నక్షత్రశాలకు కొంతకాలము అధికారిగా నుండి, మన పంచాంగ గణిత పద్ధతులను పరిశీలించి "కాలసంకలిత" అను గ్రంథమును 1825లో ప్రకటించెను. పుదుచ్చేరి వైపు ఒక తమిళ పంచాంగకర్త నేలపై గవ్వలు పేర్చి, కంఠస్థమైన పదములను బట్టి చంద్రగ్రహణమును లెక్కించుట చూచి ఆశ్చర్యపడి వ్రాసినవాడును ఇతడే. 1830లో పుదుచ్చేరిలో మరణించెను. దొరల పేరు అని నవ్వినవాడు ఈ సంగతి వినవలెను. ఆ దొర తన పేరునే మార్చుకొనినవాడు.

ఇచట పిల్లలకొక హెచ్చరిక. ధ్వని కలిసినంతనే చుట్టరికము కలుపరాదు. సంస్కృతమున జాను అనగా మోకాలు. ఆజానుబాహువు అందుండి వచ్చినది. తెలుగున జాన అనగా బొటనవ్రేలినుండి చిటికెన వ్రేలివరకు చాచిన కొలత. జానెడు పొట్ట అందుము. నన్నెచోడుడును, పాల్కురికి సోమనాథుడును పేర్కొనిన జాను తెనుగు మరియొకటి. సొంపైన తెనుగని యర్థము చెప్పుదురు. పారసీకమున జాన్ అనగా ప్రాణము. జానకి జనకుని కూతురు. వీనిలో నొక్కటియు మన జాన్‌నకు బంధువు కాదు. ఏమాత్రము పోలిక లేని ఇవాన్, హువాన్ సొంత అన్నదమ్ములు! భాషలలో బంధుత్వము ముఖము చూచి తేల్చునది కాదు, వంశవృక్షము చూడవలెను.

ప్రాసను గూర్చియు ఒక మాట. (ఆంగ్లోపాధ్యాయుల పని నేను చేయుచున్నందుకు వారు క్షమింతురు గాక.) ఆంగ్లమున ప్రాస అనగా మన అంత్యప్రాస. జాన్ అను పేరునకు ఆన్, గాన్, స్వాన్, అపాన్ అనునవి ప్రాసలు. గాన్ అనగా పోయినది. స్వాన్ అనగా హంస. ఆంగ్ల శిశువుల పాట యొకదానిలో జాన్ అను పిల్లవాడు ఒక జోడు విప్పి, ఒక జోడుతో నిద్రపోవును. ఆ జోడు కాలికి "ఆన్" ఉండుటచేతనే ప్రాస కుదిరినది. వ్రాతలో ఈ మాటలు ఒండొంటిని పోలవు. మరి గాన్ వలెనే వ్రాయబడు బోన్, స్టోన్ అను మాటలతో దీనికి ప్రాస లేదు. కావున ఆంగ్ల ప్రాసను కంటితో వెదకరాదు, చెవితో వెదకవలెను. ఇందలి అచ్చు ఆకారమునకును ఒకారమునకును నడుమనుండునది. హిందీవారు దానికై అర్ధచంద్రపు గుర్తు కల్పించుకొనిరి. మనము దీర్ఘమిచ్చి సరిపెట్టుకొంటిమి. తెలుగు పద్యమున ప్రాసస్థానము పాదమునందలి రెండవ యక్షరము. పద్యము జానుతో మొదలయ్యెనేని, తక్కిన పాదములు దాని, పూని, మేను, వాన వంటి మాటలతో, అనగా మొదట గురువును రెండవ యక్షరమున నకారమును గల మాటలతో, మొదలు కావలెను. ఆంగ్లమున పాదము చివర కూర్చుండు జాన్, తెలుగు పద్యమున మొదట నిలిచి ప్రాస నడుపగలడు.

తలిదండ్రులకు చెప్పవలసినది యింకొకటి గలదు. కొన్నేండ్ల క్రిందట మా విద్యార్థి యొకని బాప్తిస్మపు చీటిలో యోహాను అనియు, బడి పట్టికలో జాన్ అనియు, మరియొక పత్రమున యోహాన్ అనియు ఉండెను. పై చదువునకు పోవునపుడు ఒక కార్యాలయమువారు ముగ్గురు వేర్వేరు మనుష్యులని తలచి కాగితములు త్రిప్పి పంపిరి. తండ్రి కూలి మానుకొని పలుమారులు తిరిగెను. మూడును ఒకే పేరని నేను వ్రాసి యిచ్చిన యుత్తరము ఎవరికిని పట్టలేదు. భాషాశాస్త్రము కచేరీలో చెల్లదు. తెలుగు, కన్నడము, ఆంగ్లము అను మూడు లిపులలో పేరు వ్రాయవలసిన మనము, బిడ్డను బడిలో చేర్చునాడే ఒక్క రూపము నిర్ణయించి, పదవ తరగతి పత్రము వచ్చులోపల అన్నిచోట్లను దానినే వ్రాయించుకొనుట మేలు. ఇంట ఏమని పిలిచినను అడ్డు లేదు.

మరునాటి తరగతిలో ఇదంతయు చెప్పి ముగించితిని. బాలుడు అడుగకయే నల్లబల్ల యొద్దకు వచ్చి యోహాను అని వ్రాసి, "మా అవ్వ నన్నిట్లే పిలుస్తుంది" అనెను. దాని ప్రక్కన అర్థమును వ్రాసెను. పిమ్మట వెనుక బల్లవైపు తిరిగి, నిన్న నవ్వించినవానిని, "ఒరే వరప్రసాదూ, నీ పేరుకూ ఇంచుమించు ఇదే అర్థం కదరా?" అని అడిగెను.