మతయుద్ధముల నాణెములు

1517లో మార్టిన్ లూథర్ లేవదీసిన వాదము పశ్చిమ యూరపు క్రైస్తవులను కాథలిక్కులుగను, ప్రొటెస్టంట్లుగను చీల్చినది. ఆ కలహము ఫ్రాన్సు, నెదర్లాండ్సు, జర్మనీ దేశములను ఒక శతాబ్దమునకు పైగా దహించినది. ఆనాటి నాణెములను, స్మారక పతకములను సేకరించువారు నేటికిని కలరు. వెండి విలువ కంటె ఆ వెండిపై చెక్కిన మాటయే వారిని ఎక్కువగా ఆకర్షించుచున్నది.

1572 ఆగస్టు 24న, సెయింట్ బార్తొలోమ్యూ పండుగనాడు, పారిసులో హ్యూగెనోలను, అనగా ఫ్రెంచి ప్రొటెస్టంట్లను, ఊచకోత కోసిరి. ఆ హింస ఇతర పట్టణములకును ప్రాకగా వేలకొలది జనులు మరణించిరి. పోపు పదమూడవ గ్రెగరీ దానికి స్మారకముగా ఒక పతకము వేయించెను. దానిపై ఒకవైపు ఆయన ముఖము కలదు. రెండవవైపు ఒకచేత శిలువను, మరొకచేత ఖడ్గమును ధరించిన దేవదూత హ్యూగెనోలపై బడుచున్నట్లు చిత్రించిరి. 'హ్యూగెనోల సంహారము' అని లాటినులో వ్రాసిరి.

రెండవది నెదర్లాండ్సులోని లైడెను నగరపు నాణెము. స్పెయిను సైన్యము 1573-74లో ఆ నగరమును ముట్టడించెను. లోహము కొరవడగా ప్రొటెస్టంట్లు కాథలిక్ ప్రార్థన పుస్తకముల పుటలను ఒకదానిపై ఒకటి చేర్చి, గట్టిగా అదిమి, కాగితపు నాణెములు ముద్రించిరి. 'దేవుడు లైడెనును కాపాడుగాక' అనియు, 'ఇది స్వాతంత్ర్యము కొరకు' అనియు వాటిపై కలదు. తుదకు డచ్చివారు సముద్రపు కట్టలు తెంచి, పొలములమీదుగా పడవలు నడిపి, 1574 అక్టోబరు 3న నగరమును విడిపించిరి. వారి ధైర్యమును మెచ్చుకొనవలసినదే. అయినను ఆ పుటలు మరియొకరికి పవిత్రములని మరువరాదు.

మూడవది జర్మనీది. ముప్పదియేండ్ల యుద్ధకాలమున, 1622లో, బ్రన్‌స్విక్ వంశీయుడైన క్రిస్టియన్ అను ప్రొటెస్టంటు సేనాని పాడర్‌బోర్న్ నగరమును పట్టుకొని, అచటి దేవాలయపు ధనమును దోచెను. సెయింట్ లిబోరియస్ అస్థికలుంచిన మందసమును కరగించి, సైనికుల జీతములకై థాలరులను వెండి నాణెములు కొట్టించెను. 'దేవునికి మిత్రుడు, పురోహితులకు శత్రువు' అని వాటిపై వ్రాయించెను. అస్థికలు 1627లో తిరిగి వచ్చినవి గాని, కరగిన మందసము రాలేదు.

ఈ మూడింటను దేవుడు తమ పక్షముననే యున్నాడను ధీమాయే కనబడుచున్నది. నాణెముపై వ్రాత దానిని కొట్టించినవాని వాదము మాత్రమే, సాక్ష్యము కాదు. పారిసులో హతులైనవారికి టంకశాల లేదు. కావున ఒక పక్షపు నాణెములనే కూర్చువాడు సగము చరిత్రనే కూర్చినవాడగును.

సేకరించువారు మరికొన్ని సంగతులు గమనింపవలెను. గ్రెగరీ పతకమును తరువాతి కాలమున మరల ముద్రించిరి; తొలి ముద్రణ యేదో పోల్చుకొనుట నేర్వవలెను. తూకమును, అంచును, అక్షరముల తీరును పరిశీలింపవలెను. పాత వెండిని మెరుగు పెట్టిన దాని విలువ చెడును.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ మూడింటి చిత్రములను ప్రక్కప్రక్కన నిలిపి, ప్రతిదానిని ఎవరు, ఎందులకు వేయించిరని విద్యార్థుల నడుగవచ్చును. తుదకు 1648 మున్‌స్టర్ సంధి పతకమును చూపవచ్చును. దానిపై ఖడ్గము పట్టిన దేవదూత లేదు; ఒకదానినొకటి పట్టుకొన్న రెండు చేతులు కలవు.