విశ్వవిద్యాలయాల చలివేంద్రాలు

వేసవి వచ్చిందంటే తెలుగునాట బాటల పక్కన తాటాకు పందిళ్ళు వెలుస్తాయి. కొత్త కుండలలో చల్లని నీరు నింపి, దారిన పోయేవారి దప్పిక తీర్చే ఆ ఏర్పాటును చలివేంద్రం అంటారు. నీరు ఎక్కడో ఉన్న మంచినీటి బావిలోనిదే. కాని బాటసారి ఆ బావిని వెతుక్కుంటూ పోనక్కరలేదు. దానిని మోసి తెచ్చి నింపే పుణ్యాత్ములు వేరే ఉన్నారు. కంప్యూటరు లోకంలో కూడా ఇటువంటి చలివేంద్రాలు మూడు దశాబ్దాలకు పైగా నడుస్తున్నాయి. వాటిలో ప్రధానమైన వాటిని నెలకొల్పినవి విశ్వవిద్యాలయాలు. ఒక మూలస్థానంలోని సాఫ్ట్‌వేరును ఉన్నదున్నట్లుగా నకలు తీసి అందరికీ అందుబాటులో ఉంచుతాయి గనుక వీటికి ‘మిర్రర్లు’, అనగా అద్దాలు, అన్న పేరు వచ్చినది.

వీటి గురించి సాధారణ కుటుంబాలు కూడా తెలుసుకోవలసిన అవసరం ఇటీవల పెరిగినది. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును ముగించినది. విండోస్ 11 కోరే హంగులు లేని కంప్యూటర్లు ఎన్నో ఇళ్ళలో ఉన్నాయి. అవి చెడిపోయినవి కావు. లినక్స్ వంటి స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టంను ఎక్కించుకుంటే పిల్లల చదువుకో, స్వదేశంలోని తల్లిదండ్రులతో ముఖాముఖి మాట్లాడుకోవడానికో, సొంత ఊరి పాఠశాలకు కానుకగానో మరికొన్ని ఏళ్ళు ఉపకరిస్తాయి. అయితే ఆపరేటింగ్ సిస్టం ఇంటి తాళంచెవుల గుత్తి వంటిది. బ్యాంకు సంకేతపదాలు, ఉత్తరాలు, ఛాయాచిత్రాలు అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. దానిని ఎక్కడ నుండి తెచ్చుకోవాలి, తెచ్చుకున్నది అసలైనదేనని ఎలా రూఢి చేసుకోవాలి అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఈ రెండింటినీ కలగలపడం వల్లనే చిక్కులు వస్తాయి.

స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు

ఆంగ్లంలో స్వేచ్ఛకూ, ఉచితానికీ ఒకే మాట వాడుకలో ఉన్నందువలన చాలా గందరగోళం కలిగినది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ‘గ్నూ’ ప్రణాళికను ప్రకటించినప్పుడు ఆయన ఉద్దేశించినది స్వేచ్ఛను: సాఫ్ట్‌వేరును వాడుకొనడానికి, దాని లోగుట్టు చదువుకొనడానికి, మార్చుకొనడానికి, నకళ్ళు తీసి ఇతరులకు పంచడానికి ఉండవలసిన హక్కును. 1985 ప్రాంతంలో ఆయన తన ‘ఈమాక్స్’ అనే ప్రోగ్రామును మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని, అనగా ఎం.ఐ.టి.లోని, ఒక కంప్యూటరులో ఉంచి, ఎవరైనా తీసుకొనవచ్చునన్నారు. నెట్‌వర్కు అందని వారికి టేపు మీద ఎక్కించి 150 డాలర్లకు పంపేవారు. సొమ్ము తీసుకున్నంత మాత్రాన స్వేచ్ఛకు లోటు రాలేదు.

మిర్రర్లకు ఆధారం ఈ నకలు తీసే హక్కే. ఒకరి సొత్తయిన సాఫ్ట్‌వేరును విశ్వవిద్యాలయం నకలు తీసి లోకానికి పంచిపెడితే అది నేరమవుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు విషయంలో అదే పని సత్కార్యమవుతుంది.

మిర్రర్ల పుట్టుక

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టం సంగతి ఆగస్టు 25న ప్రకటించి, సెప్టెంబరులో తొలి ప్రతిని ఫిన్లాండు విశ్వవిద్యాలయాల నెట్‌వర్కు అయిన ‘ఫునెట్’ భాండాగారంలో ఉంచారు. ఆయన పెట్టదలచిన పేరు ‘ఫ్రీక్స్’. ఆ భాండాగారం చూసుకునే ఆరి లెమ్కె మాత్రం ఆ అరకు ‘లినక్స్’ అని పేరు పెట్టారు. ప్రపంచమంతా ఎరిగిన పేరు ఆ విధంగా ఒక విశ్వవిద్యాలయ భాండాగారపు అర మీద వెలసినది.

ఆ రోజులలో సముద్రం దాటి సమాచారం తెచ్చుకొనడం నిదానమైన వ్యవహారం. అందుచేత ఎం.ఐ.టి.లో థియడోర్ చో అమెరికాలోని తొలి లినక్స్ మిర్రరును నెలకొల్పారు. 1992లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు కేంద్రం లినక్స్‌ను ఫ్లాపీల మీదికి సులువుగా ఎక్కించుకునే పంపిణీగా కూర్చినది. అదే సంవత్సరం నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ‘సన్‌సైట్’ మొదలైనది. అదే 2000లో ‘ఐబిబ్లియో’ అన్న పేరు ధరించినది. 1993లో పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయన్ మర్డాక్ ‘డెబియన్’ పంపిణీని ఆరంభించారు.

దగ్గరలో మిర్రరు ఉండడం ఆనాడు ఎంత అవసరమో ఒక్క లెక్కతో తెలుస్తుంది. సెకనుకు 14,400 బిట్లు మోసే మోడెము మీద ఒక్క ఫ్లాపీకి సరిపడే సమాచారం దిగడానికి దాదాపు 14 నిమిషాలు పట్టేది. ఈనాడు సెకనుకు 100 మెగాబిట్ల వేగం ఉన్న ఇంటిలో 4 గిగాబైట్ల లినక్స్ ప్రతి ఐదారు నిమిషాలలో దిగుతుంది. అయినప్పటికీ లక్షలాది మంది ఒకే బావి మీద పడితే చేద అందరికీ అందదు. కాబట్టి చలివేంద్రాల అవసరం తీరలేదు.

విశ్వవిద్యాలయాలే ఎందుకు?

దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, పరిశోధన కోసం వేసిన విశాలమైన నెట్‌వర్కులు వాటి చేతిలో ముందునుండీ ఉన్నాయి. రెండవది, సొంత అవసరం. ప్రయోగశాలలలోని వందలాది కంప్యూటర్లు ఒక్కొక్కటీ బయటి నుండి తెచ్చుకునే కంటే ఆవరణలోనే ఒక ప్రతి ఉంటే మేలు. తమకోసం తవ్వుకున్న బావి నీటిని దారిన పోయేవారికి పోయడం పెద్ద భారం కాదు. మూడవది, విద్య. ఇటువంటి కేంద్రాన్ని నడపడమే విద్యార్థులకు గొప్ప శిక్షణ. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ మిర్రరును కంప్యూటరు విద్యార్థుల సంఘమే నడుపుతుంది. స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయ విద్యార్థుల కంప్యూటరు సంఘం డెబియన్ సీడీ ప్రతుల ప్రధాన భాండాగారానికి దీర్ఘకాలం ఆతిథ్యమిచ్చినది. బీజింగులోని చింగ్‌హువా విశ్వవిద్యాలయంలోనూ ఈ పని విద్యార్థులదే. దక్షిణాఫ్రికాలో విశ్వవిద్యాలయాల ఉమ్మడి నెట్‌వర్కు అయిన ‘టెనెట్’ ఈ బాధ్యత వహించినది.

మూలస్థానంతో ప్రతిని ఎప్పటికప్పుడు సరిచూసుకునే సాధనం కూడా విశ్వవిద్యాలయంలోనే పుట్టినది. ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ 1996లో ‘ఆర్‌సింక్’ను వెలువరించారు. అది పెద్ద ఫైలును ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కకు చిన్న గుర్తు కట్టి, రెండు చోట్లా గుర్తులు కలవని ముక్కలను మాత్రమే పంపుతుంది. డెబియన్ భాండాగారం రోజుకు నాలుగుసార్లు మారుతుంది. మిర్రర్లు ఈ మార్పులను మాత్రమే అందుకుంటాయి.

ఈ భాండాగారంలో తెలుగువారి వాటా కూడా ఉన్నది. ‘పోతన’, ‘వేమన’ అనే తెలుగు అక్షరరూపాలు డెబియన్‌లో భాగమైనాయి. అందువలన తెలుగు చదవగలవారు ఒక్కరైనా లేని విశ్వవిద్యాలయంలో కూడా, డెబియన్ పూర్తి ప్రతి ఉన్నదంటే, పోతన, వేమనల పేర్లు అక్కడ ఉన్నట్లే.

దగ్గరి మిర్రరును కనుగొనే విధం

వెతుకులాటను ఎల్లప్పుడూ ఆ పంపిణీవారి అధికారిక స్థానం నుండే ప్రారంభించాలి. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, లినక్స్ మింట్ మొదలైనవన్నీ దేశాలవారీగా మిర్రర్ల పట్టికలను ప్రకటిస్తాయి. వెతికే యంత్రం చూపిన మొదటి లంకెను నొక్కడం ఇక్కడ మంచి పద్ధతి కాదు.

పట్టికలో చిరునామా తోకను గమనిస్తే విశ్వవిద్యాలయం ఏదో తెలుస్తుంది. అమెరికాలో అది ‘ఎడు’ అని ముగుస్తుంది. బ్రిటన్‌లో ‘ఏసీ, యూకే’ అనీ, దక్షిణాఫ్రికాలో ‘ఏసీ, జెడ్ఏ’ అనీ, భారతదేశంలో ‘ఏసీ, ఇన్’ అనీ ఉంటుంది. జర్మనీ, స్వీడన్ వంటి దేశాలలో ఇట్టి ప్రత్యేకమైన తోక లేదు. విశ్వవిద్యాలయం పేరును బట్టి గుర్తించాలి.

తరువాత చూడవలసినది తాజాదనం. ఉబుంటువారి పట్టిక ఏ మిర్రరు తాజాగా ఉన్నదో, ఏది వెనుకబడినదో తెలుపుతుంది. డెబియన్ మిర్రర్లలో ‘ప్రాజెక్ట్’ అన్న అరలోని ‘ట్రేస్’ అనే భాగంలో చివరిసారి సరిచూసుకున్న తేదీ, సమయం ఉంటాయి. నెలల తరబడి కదలని మిర్రరు నీరు మార్చని కుండ వంటిది. భద్రతా సవరణలు అందులోకి చేరి ఉండవు.

పాత పుస్తకాలలోని ‘ఎఫ్‌టీపీ’ చిరునామాలు పనిచేయకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు. డెబియన్ తన బహిరంగ ఎఫ్‌టీపీ సేవలను 2017 నవంబరు 1న నిలిపివేసినది. అవే భాండాగారాలు ఈనాడు మామూలు వెబ్ చిరునామాలతో తెరుచుకుంటాయి.

మరొక సందేహం చాలామందిని ఆపుతుంది. ఫైలు పేరులో ‘ఏఎండీ64’ అని కనిపించగానే, తమ కంప్యూటరులో ఉన్నది ఇంటెల్ చిప్పు గదా అని వెనుకాడుతారు. ఆ 64 బిట్ల పద్ధతిని మొదట రూపొందించినది ఏఎండీ సంస్థ గనుక ఆ పేరు నిలిచినది. 64 బిట్ల ఇంటెల్ కంప్యూటర్లకు కూడా అదే ప్రతి సరిపోతుంది.

శుద్ధప్రతి పరీక్ష

ప్రతి చేతికి వచ్చినది. ఇక రెండవ ప్రశ్న: ఇది అసలైనదేనా?

తెలుగువారికి ఈ సమస్య కొత్తది కాదు. తాళపత్ర గ్రంథాలను చేతితో నకలు తీసే రోజులలో లేఖక దోషాలు దొర్లేవి. సి.పి. బ్రౌన్ దొర ఒకే కావ్యానికి పలు ప్రతులు సేకరించి, పండితులచేత పాఠాలు పోల్పించి, శుద్ధప్రతులు రాయించారు. కంప్యూటరు ప్రతికి ఈ పరిష్కరణ క్షణంలో జరుగుతుంది. ‘షా-256’ అనే గణిత పద్ధతి ఎంత పెద్ద ఫైలునైనా 64 అంకెలు, అక్షరాల వరుసగా కుదిస్తుంది. మూలంలో ఒక్క చుక్క మారినా వరుస మొత్తం మారిపోతుంది. పంపిణీవారు ప్రకటించిన వరుస, ఇంటిలో లెక్కకట్టిన వరుస ఒకటే అయితే ఫైలు చెక్కుచెదరలేదన్న మాట. ఇందుకు కావలసిన సాధనాలు విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ ముందే ఉన్నాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. పెట్టెను మార్చినవాడు పెట్టె మీది చీటీని కూడా మార్చగలడు. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్ స్థానంలోకి దుండగులు చొరబడి, 17.3 సినమన్ ప్రతికి ఉన్న లంకెను దొంగదారి అమర్చిన వేరొక ప్రతి వైపు మళ్ళించారు. మిర్రర్లలోని ప్రతులు సురక్షితంగానే ఉన్నాయి. దారి చూపే పలకనే తిప్పివేశారు. ఇటువంటప్పుడు అదే పలక మీద రాసి ఉన్న వరుసతో పోల్చుకొని లాభం లేదు.

ఈ మెలికను విప్పేది అంకీయ సంతకం. పంపిణీవారు తమ వద్ద మాత్రమే ఉండే రహస్య తాళంచెవితో ఆ వరుసల పట్టికకు ముద్ర వేస్తారు. లోకానికి వెల్లడించిన బహిరంగ తాళంచెవితో ఎవరైనా ఆ ముద్రను పరీక్షించవచ్చును గాని, దానిని సృష్టించలేరు. ఆ బహిరంగ తాళంచెవిని మాత్రం ఒక్కచోటు మీదనే ఆధారపడక, మరొక మార్గంలో, ఉదాహరణకు ఇదివరకే లినక్స్ నడుస్తున్న మిత్రుని కంప్యూటరులోని దానితో, సరిచూసుకోవాలి. ఈ శ్రమ మొదటిసారికే. ఆ తరువాత డెబియన్, ఉబుంటు వంటివి కొత్తగా దిగే ప్రతి భాగానికీ ఈ పరీక్షను తమంతట తామే జరుపుతాయి.

సంతకం ప్రతి అసలైనదని చెబుతుందే గాని, రచనలో దోషం లేదని చెప్పదు. 2024 మార్చిలో ‘ఎక్స్‌జెడ్’ అనే ఉపకరణంలోకి దాని నిర్వాహకులలో ఒకరుగా చేరిన వ్యక్తే దొంగదారిని చొప్పించిన సంగతి బయటపడినది. అది ప్రయోగదశలోని ప్రతులకు చేరినది గాని, డెబియన్ స్థిరప్రతికి చేరకముందే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పసిగట్టారు. కుటుంబావసరాలకు ‘స్థిరప్రతి’నే ఎంచుకొమ్మనడంలోని మర్మమిదే.

కుండ నింపే చేతులు

విశ్వవిద్యాలయ మిర్రరులోని గొప్పతనం ఇక్కడే తేటపడుతుంది. దానిని గుడ్డిగా నమ్మవలసిన పని లేదు. ప్రతిని దగ్గరికి తెచ్చేది మిర్రరు, దాని శుద్ధతకు పూచీపడేది సంతకం. పూచీ వేరొక చోట ఉన్నది గనుకనే, ముక్కుమొగమెరుగని విద్యార్థులు నడిపే కేంద్రం నుండి కూడా నిశ్చింతగా తెచ్చుకోగలుగుతున్నాము.

అట్లని ఈ చలివేంద్రాలు శాశ్వతమని భావించరాదు. ఎన్నో స్వేచ్ఛా ప్రణాళికలకు ఆశ్రయమిచ్చిన ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఓపెన్ సోర్స్ ల్యాబ్, 2,50,000 డాలర్లు సమకూరకపోతే ఆ సంవత్సరమే మూతపడవలసి ఉంటుందని 2025 వసంతంలో ప్రకటించినది. దాతలు, సంస్థలు ముందుకు వచ్చినందున ఆ గండం గడిచినది. పందిరి వేసినవారికి కుండలు నింపే తోడు కూడా కావాలి. ఈ విశ్వవిద్యాలయాలలో చదివిన, చదువుతున్న తెలుగు బిడ్డలు ఎందరో ఉన్నారు. వారిలో కొందరైనా తమ విద్యాలయపు మిర్రరు నిర్వహణలో ఒక చేయి వేస్తే, పూర్వవిద్యార్థులు తమ విరాళంలో కొంత దానికి కేటాయిస్తే, త్రాగిన నీటికి తగిన కృతజ్ఞత చూపినట్లవుతుంది.