మైకు కూత

బోథ్ ప్రాంతపు భజనలలో మైకు హఠాత్తుగా కీచుమని కూయుట మీరెరిగినదే. స్పీకరునుండి వెడలిన ధ్వని మరల మైకులో జొచ్చి, యంత్రముచే పెంపొంది, తిరిగి స్పీకరును చేరును. ఈ చక్రమే కూతకు మూలము. ఎకో పెట్టె కలిపినచో మరింత త్వరగా పుట్టును. జపానులో మసామి అకితా 1979 మొదలు మెర్జ్‌బౌ అను పేరున ఇట్టి ఘోషలనే సంగీతముగా వినిపించినాడు!

వింతయే గాని, చెవికి మితము కలదు. 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు 8 గంటలు సహింపవచ్చును. 100 అయినచో పావుగంటయే. లోచెవిలోని సూక్ష్మకణములు నశించిన మరల మొలవవు. పిల్లలను స్పీకరు ముందు కూర్చుండబెట్టుట నాకు మిక్కిలి వెరపు.

కూత పుట్టగానే కొందరు మైకును పిడికిట మూయుదురు; దానివలన అది హెచ్చును. వాల్యూము తగ్గింపవలెను. మైకు స్పీకరునకు వెనుక నుండవలెను. ఎకో పెట్టెను వాల్యూము సున్నయొద్ద నుంచియే కలిపి, పిదప మెల్లగా పెంచవలెను.