వేటకు పోయేవాళ్ల దారి మిషన్

ఆదోనికి ఏ పక్క నుంచి వచ్చినా ముందు కనబడేది కొండ. కొండ కనబడిందంటే ఊరు దగ్గర పడినట్టే. మరి కొండ, చెట్టు, గుడి ఏదీ కనబడని చోట దారి ఎట్ల తెలుస్తుంది?

అట్లాంటి చోటు సముద్రం. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు "వేటకు పోయినాడు" అంటే సముద్రంలో చేపలకు పోయినాడని అర్థం. అడవి జంతువును కొట్టే వేట కాదు. ఆ వేట 1972 చట్టం ప్రకారం నేరం. మన చేలల్లో పడి పైరు మేసే కృష్ణజింకను కూడా కొట్టకూడదు.

వెనకటి రోజుల్లో వేటకు పోయేవాళ్లు పగలు ఒడ్డున ఉన్న కొండలను చూసుకునేవాళ్లు. రాత్రి చుక్కలను చూసుకునేవాళ్లు. మన గొర్రెల కాపరులు చుక్కలను చూసి పొద్దు తెలుసుకున్నట్టే. ఇంజను బోట్లు వచ్చినాక చాలా దూరం పోతున్నారు. అంత దూరంలో ఒడ్డు కనబడదు. మబ్బు పడితే చుక్కలూ కనబడవు. అందుకే జీపీఎస్ అనే చేతి మిషన్ కొంటున్నారు.

తుంగభద్రలో పుట్టి వేసుకొని చేపలు పట్టేవాళ్లకు దీనితో పని లేదు. రెండు గట్లూ కళ్ల ముందే ఉంటాయి.

ఈ మిషన్ ఎట్ల పని చేస్తుంది? మెరుపు కనబడినాక ఉరుము ఆలస్యంగా వినబడితే, అది దూరంగా ఉరిమిందని మనకు తెలుస్తుంది. ఇదీ అట్లాంటి లెక్కే. ఆకాశంలో సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున అమెరికా వాళ్ల ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. అవి ఎప్పుడూ టైము పంపుతూ ఉంటాయి. అది ఎంత ఆలస్యంగా అందిందో చూసి, మిషన్ దూరం లెక్క కడుతుంది. నాలుగు ఉపగ్రహాలు అందితే చాలు, మనం ఉన్న చోటు చెప్తుంది. 2000 మే నెల వరకు మామూలు జనానికి 100 మీటర్ల దాకా తప్పు చూపేది. ఆ తర్వాత తప్పు బాగా తగ్గింది. మన దేశం కూడా 2013లో శ్రీహరికోట నుంచి ఇట్లాంటి పనికే మొదటి ఉపగ్రహాన్ని పంపింది.

మిషన్ చోటును రెండు అంకెలతో చెప్తుంది. ఆదోనికి 15.63, 77.28. ఎమ్మిగనూరుకు 15.73, 77.48. మొదటి అంకె పెరిగితే ఉత్తరానికి పోతున్నట్టు. రెండో అంకె పెరిగితే తూర్పుకు పోతున్నట్టు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోతే రెండూ పెరుగుతాయి. అంటే ఎమ్మిగనూరు ఈశాన్యాన ఉంది. చదవను రాని రోజుల్లో ఇవి ఉత్త గీతలు. ఇప్పుడు మీరే చదివి చెప్పగలరు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. పదిహేనున్నర రూపాయలను 15.50 అని రాస్తాము. పదిహేనున్నర గంటలను 15 గంటల 30 నిమిషాలు అంటాము. మిషన్‌లోనూ ఈ రెండు రకాల లెక్కలూ ఉన్నాయి. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. చేపలు ఎక్కడ దొరకవచ్చో అది తెలుగులో కూడా చెప్తుంది. అది చెప్పేది నిమిషాల లెక్క. మిషన్‌ను రూపాయల లెక్క మీద పెట్టి, 30 నిమిషాలకు బదులు .30 అని కొడితే ఏమవుతుంది? బోటు 22 కిలోమీటర్లు పక్కకు పోతుంది. డీజిలు దండగ. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

సముద్రం మీద పొలానికి ఉన్నట్టు గట్టు ఉండదు. దేశానికీ దేశానికీ నడుమ హద్దు నీళ్లలో కనబడదు. మన ఆదోని, కోసిగి వైపు జనం గుంటూరు మిరపకోతలకు పోయినట్టు, శ్రీకాకుళం జిల్లా వాళ్లు గుజరాత్ బోట్ల మీద పనికి పోతారు. 2018 నవంబరులో అట్ల పోయినవాళ్లను పాకిస్తాన్ వాళ్లు సముద్రం మీదనే పట్టుకున్నారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఏడాది దాటింది. అంతకాలమూ ఇంటికాడ ఆడవాళ్లు ఎదురుచూసినారు.

"మా ఆయన యాడున్నాడో ఈ మిషన్ నాకు చెప్తుందా?" అని అడిగే అక్కలు ఉంటారు. చెప్పదు. ఇది వినే మిషనే గాని, మాట్లాడే మిషన్ కాదు. బోటులో ఉన్నవానికే చోటు తెలుస్తుంది. ఉపగ్రహం ద్వారా కబురు పంపే మిషన్లు వేరే ఉన్నాయి. వాటిని సర్కారు అనుమతి లేకుండా మన దేశంలో వాడకూడదు. అంగడివాడు "అదీ ఇదీ ఒకటేనమ్మా" అంటే నమ్మవద్దు.

సెల్‌ఫోన్‌లో కూడా జీపీఎస్ ఉంది కదా, వేరే ఎందుకు? టవరు అందకపోయినా ఫోను చోటు చెప్తుంది, నిజమే. కానీ దాని చార్జింగు తొందరగా అయిపోతుంది. ఉప్పునీళ్లు తగిలితే పాడవుతుంది. తడి వేళ్లకు సరిగ్గా పలకదు. కాబట్టి మొదటిసారి కొనేవాళ్లు రంగుల బొమ్మలు చూసి డబ్బు పెట్టవద్దు. నొక్కే బటన్లు ఉన్నది మేలు. ఏ అంగట్లోనైనా దొరికే పెన్సిల్ సెల్లులు వేసేది ఇంకా మేలు. జత సెల్లులు అదనంగా ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకోవాలి. ఎండలో పట్టుకొని చూస్తే అంకెలు కనబడాలి. నీళ్లలో పడినా తట్టుకుంటుందా అని అడగాలి. తట్టుకునేవన్నీ తేలవు, కొన్ని మునిగిపోతాయి. తాడు కట్టుకోవలసిందే.

కొనే ముందు మిషన్‌ను అంగడి బయటికి తేవాలి. పైకప్పు కింద అది సరిగ్గా పని చేయదు. ఆకాశం కనబడే చోట కొన్ని నిమిషాలు ఆగాలి. ఉన్న చోటును "ఇల్లు" అని గుర్తు పెట్టించాలి. ఆ అంకెలను పుస్తకంలో కూడా రాసుకోవాలి. తర్వాత రెండు వందల అడుగులు నడిచి పోయి, "ఇల్లు" మీద నొక్కి, బాణం చూపినట్టు వెనక్కి రావాలి. నిలబడి చూస్తే కొన్ని మిషన్లలో బాణం ఎటెటో తిరుగుతుంది. మిషన్ చెడిపోయిందని భయపడవద్దు. అట్లాంటివాటిలో నాలుగు అడుగులు వేసినాకనే బాణం సరిగ్గా చూపుతుంది.